బరి అంటే గీత

నేను పశువైద్యం చదువుకున్నది మద్రాసులో, నేర్చుకున్నది మార్కాపురం తాలూకాలో. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరే పిల్లలకు ఆ రెండో చదువు సంగతి కాస్త చెబుదామని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఏ ఊరికి ఎప్పుడు బదిలీ అయ్యానో, పై అధికారుల్లో ఎవరు మెచ్చుకున్నారో, ఎవరు అడ్డం పడ్డారో వాళ్ళకు అక్కర్లేదు. ఇప్పుడు నాకూ అక్కర్లేదు.

అవి మద్రాసు రాజధాని రోజులు. మార్కాపురం, కంభం, గిద్దలూరు అన్నీ అప్పుడు కర్నూలు జిల్లా కింద ఉండేవి. నా ఆసుపత్రి రెండు గదుల పెంకుటిల్లు. ఒక మందుల బీరువా, పశువును నిలబెట్టి కట్టడానికి ఒక చెక్క చట్రం ఉండేవి. బీరువాలో పొటాషు, మైలుతుత్తం, టర్పెంటైను తప్ప చెప్పుకోదగ్గ మందు ఉంటే ఆ రోజు పండగే. మిగతా వైద్యమంతా నోటితో చేయవలసిందే.

నన్ను జనం సూది డాక్టరు అనేవాళ్ళు. సూది వేస్తే గొర్రె ఈనదని, ఎద్దుకు బలం తగ్గుతుందని భయం. ఒకసారి పెద్దారవీడు దారిలో ఒక పెద్దావిడ మందను కొండవారకు ఆదరాబాదరాగా తోలుకుపోతుంటే బండి ఆపి అడిగాను.

"ఎక్కడికమ్మా ఇంత తొందరగా?"

"సూది డాక్టరు వస్తుండాడంట నాయనా. నువ్వు గూడా నీ ఎద్దుల్ని యాడన్నా దాచిపెట్టుకో పో" అంది నా బండెద్దుల వైపు జాలిగా చూసి.

ఆ డాక్టరు నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. "అట్లనే అమ్మా" అని బండి తోలించాను. నోరులేని జీవాలకు వైద్యం చేసే ఉద్యోగమని మనల్ని చూసి జాలిపడతారు. నా అనుభవంలో ఆ జీవాలతో వచ్చిన చిక్కు తక్కువ. చిక్కంతా నోరున్నవాళ్ళతోనే వచ్చింది. నవ్వుకోవడానికి ఇలాంటివి చాలా ఉన్నాయి గానీ, నేను రాయాలనుకున్నది ఇది కాదు.

మల్లడు

పెద్దారవీడుకు ఆమడ దూరంలో ఒక ఊరుంది. పేరు రాయను, ఆ ఇంటి వారసులు ఇంకా అక్కడే ఉన్నారు. ఆ ఊళ్ళో ఓబుళరెడ్డి అని ఒక మెట్టరైతు. జొన్న, సజ్జ వేసుకుని బతికే ఇల్లు. ఆయన భార్య నారాయణమ్మ. ఆ ఇంటి తెల్ల కోడెల జతకు చుట్టుపక్కల ఊళ్ళలో పేరుండేది. ఒకదాని పేరు కేశడు, రెండోదాని పేరు మల్లడు.

మల్లడు పుట్టినప్పుడే తల్లి ఆవు చచ్చిపోయింది. నారాయణమ్మ మేకపాలు పట్టి, గంజి తాగించి సాకింది. ఎంత ఎద్దయినా దానికి చిన్నప్పటి అలవాటు పోలేదు. ఆవిడ అన్నం వార్చే వేళకు వంటింటి గుమ్మంలో తల పెట్టి నిలబడేది, గంజి పోసేదాకా కదిలేది కాదు. ఇంట్లోకి మనుషులు రావాలంటే దాన్ని బతిమాలుకోవాలి. నేను వెళ్ళినప్పుడల్లా ఓబుళరెడ్డి నవ్వుతూ, "మా ఇంట్లో మొదట మా మల్లడికి, తర్వాతే నాకు డాక్టరుసామీ" అనేవాడు.

ఒక ఏడాది చలికాలంలో ఆ ఊరికి గాలికుంటు వచ్చింది. నోట్లో పొక్కులు, గిట్టల మధ్య పుండ్లు. కేశడు తేలిగ్గా బయటపడింది. మల్లడికి బాగా ముదిరింది. నేను గిట్టలు పొటాషు నీళ్ళతో కడిగి కట్టు కట్టేవాణ్ణి. నారాయణమ్మ దాని నాలుక మీద వేలితో వెన్న రాసి, గంజి చల్లార్చి గొట్టంతో పోసేది. మనిషి రోగికి కూడా అంత ఓపికగా సేవ చేసినవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు. పుండ్లు మానాయి. మేత పట్టింది. ఒళ్ళు మళ్ళీ నిగనిగలాడింది.

చేరబోయే పిల్లలు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. గాలికుంటు మానిన పశువుల్లో కొన్నిటికి ఒక లోపం మిగిలిపోతుంది. నీడలో ఉన్నంతసేపూ ఏ తేడా కనపడదు. ఎండలో నాలుగడుగులు నడిస్తే రొప్పుతాయి, నాలుక బయట పెడతాయి, నీడ వెతుక్కుంటాయి. ఒంటి వేడిని తట్టుకునే శక్తి పోతుంది. రైతు గిట్టలు చూసి జబ్బు పోయిందంటాడు. మనం ఊపిరి చూడాలి.

ఎండలు ముదురుతున్న రోజుల్లో నేను మల్లణ్ణి ఇంటి నుంచి బావిదాకా నడిపించి చూశాను. తిరిగి వచ్చేసరికి డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఈ ఏడు దీన్ని పందేనికి కట్టొద్దు రెడ్డీ. వానలు పడనీ, చూద్దాం" అన్నాను.

ఓబుళరెడ్డి ముఖం మాడిపోయింది. "కట్టకుంటే ఎట్ల డాక్టరుసామీ? పోయినేడు గెలిచింది మా జతే. మా జత దిగితేనే గదా బరి తెరిచేది."

ఆ ఊరి ఆచారం అది. ఉగాది దాటాక తిరునాళ్ళలో రాతిబండ లాగే పందెం జరుగుతుంది. ఊరి బయట బీట్లో రాళ్ళు ఏరి, చదును చేసి, చుట్టూ సున్నంతో గీత గీస్తారు. ఆ గీత లోపలిది బరి. కిందటేడు గెలిచిన జత మొదట అందులో దిగాలి. దాన్ని బరి తెరవడం అంటారు. ఆ జత దిగకపోతే ఆ ఏడు పందెం లేనట్టే. ఊరంతా ఎదురుచూసే పండగను ఒక్క ఇల్లు ఆపేసినట్టు అవుతుంది.

"ఒక్క తిప్పు తిప్పి ఇడుస్తా. మాదే మొదలు గదా, పొద్దు పొడిచేటప్పటికే అయిపోతది. ఎండెక్కేలోపల మల్లడు కొట్టంలో ఉంటాడు" అన్నాడు.

నారాయణమ్మ గుమ్మంలో నిలబడి నా ముఖంలోకే చూస్తోంది. "పొద్దున్నే అయితే ఏం గాదు గదా డాక్టరయ్యా?" అని అడిగింది.

"వద్దనే చెబుతానమ్మా. కాదూ కూడదంటే చల్లటి పూట ఒక్క తిప్పు. అంతకు మించితే దాని ప్రాణానికి నేను పూచీ కాదు" అన్నాను.

ఆ రోజు

నేను తెల్లవారేసరికి ఆ ఊరు చేరాను. జతను కడిగి, కొమ్ములకు పసుపు రాసి, బరి పక్కన నిలబెట్టారు. గాలి చల్లగా ఉంది. అప్పుడే మొదలుపెట్టి ఉంటే ఈ కథే లేదు. కానీ పందెం ప్రారంభించడానికి పక్క ఊరి పెద్దమనిషి ఒకాయన రావాలి. ఆయన రాలేదు. ఇదిగో బయల్దేరాడన్నారు, అదిగో బండి దుమ్ము కనిపిస్తోందన్నారు. ఆ దుమ్ము వేరే ఎవరిదో. నా ఉద్యోగంలో ఎన్నో పశువుల సంతలూ ప్రదర్శనలూ చూశాను. ఆలస్యంగా వచ్చే ముఖ్య అతిథుల వల్ల పశువులకు జరిగినంత హాని ఏ రోగం వల్లా జరగలేదని ఒక్కోసారి అనిపిస్తుంది.

ఆయన వచ్చి, దండలు వేయించుకుని, నాలుగు ముక్కలు మాట్లాడి కూర్చునేసరికి సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. నేను ఓబుళరెడ్డి దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"ఇప్పుడు వద్దు రెడ్డీ. సాయంత్రానికి మార్చమని అడుగు."

"ఇంతమందిని పొద్దుగూకేదాకా కూర్చోబెట్టమని నేనెట్ల అడిగేది సామీ? ఒక్క తిప్పే. నడిపించినట్టు నడిపిస్తా." నా చెయ్యి విడిపించుకుని మల్లడి డొక్క నిమిరాడు. ఆయనకు తెలుసు.

చెప్పిన మాట ప్రకారం నడిపించినట్టే నడిపించాడు. కర్ర ఎత్తలేదు, అరవలేదు. కానీ జతలో కేశడు ఉంది. జనం ఈలలు వేస్తుంటే అది పౌరుషంగా లాగింది. పక్కన మల్లడు వెనకబడలేదు, వెనకబడటం దానికి తెలియదు. అవతలి కొస దాకా పోయి తిరుగుతుండగా మల్లడు ముందు మోకాళ్ళ మీద కూలబడింది. తర్వాత పక్కకు ఒరిగింది.

నేను బరిలోకి పరిగెత్తాను. మగవాళ్ళంతా కాడి విప్పుతున్నారు. ఒళ్ళు కాలిపోతోంది, నోట్లోంచి నురగ. దాని తల మీద నీళ్ళు పోయాలి, ఆ క్షణాన ఇంకే వైద్యమూ లేదు. బావి ఊళ్ళో ఉంది. తలెత్తి చూస్తే ఆడవాళ్ళు నిలబడే వైపు, గీతకు అవతల, నారాయణమ్మ కనిపించింది. చంకలో కడవ. తిప్పు అయిపోగానే మల్లడికి పట్టాలని తెచ్చుకున్న నీళ్ళు.

"నీళ్ళు తే తల్లీ! తొందరగా!" అని అరిచాను.

ఆవిడ పరిగెత్తుకుంటూ వచ్చింది. గీత దాకా వచ్చి ఆగిపోయింది.

ఆడది బరి గీత దాటితే ఏడాది తిరగకుండా ఆ ఇంటి మగవాడికి చేటని ఆ ఊళ్ళో నమ్మకం. ఆవిడ ఒకసారి మల్లణ్ణి చూసింది, ఒకసారి మొగుణ్ణి చూసింది. "ఎవురన్నా అందుకోండి! అన్నా, అందుకోండి నాయనా!" అని కేక పెట్టింది. ఈలల్లో, అరుపుల్లో ఎవరికీ వినపడలేదు. చివరికి నేనే అటు పరిగెత్తి కడవ అందుకుని వచ్చి పోశాను. మల్లడు ఒకసారి చెవి కదిలించింది. అంతే.

తర్వాత నారాయణమ్మ అక్కడే, గీతకు అవతలే కూర్చుని ఏడ్చింది. మగవాళ్ళు మల్లణ్ణి ఈడ్చుకొచ్చి బయట పెట్టాకే దాని తల ఒళ్ళో పెట్టుకోగలిగింది. ఇన్నేళ్ళయినా ఆ ఏడుపు నా చెవుల్లో ఉంది.

పోయాక చేయవలసిన వైద్యం

పశువు చచ్చిపోగానే మన పని అయిపోయిందని సంచీ సర్దుకునే డాక్టర్లున్నారు. అలా చేయకండి. ఎందుకు పోయిందో ఆ ఇంట్లోవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పి రావాలి. చెప్పకపోతే ఆ ఖాళీలో వాళ్ళు తమ తప్పునే పెట్టుకుంటారు.

నేను చెప్పాను. "కడవ ముందే వచ్చినా మల్లడు దక్కేది కాదమ్మా. కూలబడేసరికే లోపల అంతా అయిపోయింది." అది వైద్యుడిగా నేను నమ్మిన నిజం, ఊరడింపు కాదు.

"అట్లనా అయ్యా" అంది.

నెల తర్వాత వేరే పని మీద ఆ ఊరు వెళితే మజ్జిగ ఇచ్చి, పక్కన నిలబడి, "డాక్టరయ్యా, ఆ గీత ఎంత వెడల్పు ఉండింది?" అని అడిగింది.

"నాలుగు వేళ్ళు ఉంటుందేమో" అన్నాను.

తన నాలుగు వేళ్ళూ చూసుకుంది. "ఇంతేనా" అంది. తనే సర్ది చెప్పుకుంది. "పోనీలే. దాటింటే ఈయనకేమయ్యేదో. మల్లణ్ణి ఇచ్చుకొని ఈయన్ని నిలబెట్టుకున్నా. అట్లనే అనుకుంటా."

నేను కాదనలేదు. ఒక మనిషి నిలబడటానికి పట్టుకున్న కర్రను ఎందుకు లాగాలి?

మా ఆఫీసరుగారి పిచ్చి

వానాకాలం మొదట్లో మా జిల్లా అధికారి తనిఖీకి వచ్చారు. తంజావూరు వైపు మనిషి. నేను చూసిన పై అధికారుల్లో మంచివారు. మందులు లేవంటే ఎందుకు లేవని నన్ను కసిరేవారు కాదు, మద్రాసును కసిరేవారు. తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు, అందుకని "ఈ వృషభమునకు ఆకలి యున్నదా?" అని అడిగితే రైతులు నా వైపు చూసేవాళ్ళు. ఆయనకు ఒక పిచ్చి ఉండేది. ఏ మాట విన్నా దాని మూలం ఏమిటని తవ్వేవారు.

బండిలో ఓబుళరెడ్డి ఊరు వెళుతుంటే బీట్లో సున్నపు గీత ఇంకా లీలగా కనిపిస్తోంది. అదేమిటని అడిగారు. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులో, ఎద్దుల పందెం జరిగే ఎరీనా అని చెప్పాను.

"ఆ మాట వద్దయ్యా. ఎరీనా అంటే లాటిన్‌లో ఇసుక. రోములో మనుషులూ మృగాలూ పోట్లాడి చస్తుంటే నెత్తురు ఇంకిపోవడానికి పోసేవారు. మీవాళ్ళు ఇక్కడ ఇసుక పోస్తారా?"

"లేదండీ. గీత గీస్తారు. బరి అంటారు."

ఆయన ముఖం వెలిగిపోయింది. "మా తమిళంలో వరై అంటే గీత. హద్దు అని కూడా. కన్నడంవాళ్ళు రాయడాన్ని బరె అంటారు. రాయడమంటే గీయడమే కదా. ఇవన్నీ ఒక ఇంటి పిల్లలే అయి ఉండాలి. నేను పండితుణ్ణి కాదు, తప్పయితే కావచ్చు. కానీ చూడు, మీ మాటలో నేల లేదు, నెత్తురు లేదు. గీత ఒక్కటే ఉంది."

కంభంలో కుస్తీలు పట్టే ఒక సాయిబు తమ గోదా అనే మాటకు పారసీలో గొయ్యి అని అర్థమని చెప్పిన సంగతి నాకు గుర్తొచ్చి చెప్పాను. అది విని ఇంకా సంబరపడ్డారు. ఒకరికి ఇసుక, ఒకరికి గొయ్యి, మనకు గీత. దారంతా అదే మాట. నేనూ ఆ మాటల్లో పడి మల్లడి సంగతి చెప్పలేదు.

ఓబుళరెడ్డి ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఆయన పెద్దనాయన, బాగా ముసలాయన, పెద్దిరెడ్డి, వచ్చి పక్కన కూర్చున్నాడు. మా అధికారి గీత సంగతి ఎత్తారు. ఎవరు గీస్తారు, ఎందుకు గీస్తారు, ఆడవాళ్ళు ఎందుకు దాటకూడదు? నేను కళ్ళతో వారించాను. ఆయన చూసుకోలేదు.

"అదా సామీ" అన్నాడు పెద్దిరెడ్డి సావకాశంగా. "మా అవ్వ చెప్పేది. వాళ్ళ కాలంలో ఒక బాలింత, మొగుడికి సంగటి తీసుకొని బరికి అడ్డంగా పోయిందంట. జత బెదిరి తొక్కినాయి. చంటిబిడ్డ తల్లి. ఆ పొద్దు నుంచి ఆడోళ్ళను గీత దాటొద్దన్నారు. ఉత్తగా చెబితే ఇనరు గదా. మొగుడికి చేటంటే ఇంటారని ఆ మాట చేర్చినారు. అంతే, ఇంకేం లేదు."

మా అధికారి తల ఊపుతూ, "చూశావా, హద్దు. కాపాడటానికి గీసిన హద్దు" అన్నారు నాతో.

గుమ్మంలో చప్పుడైంది. నారాయణమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉంది. మల్లడు తల పెట్టి నిలబడే చోటే. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు.

"పెద్దమామా" అంది పెద్దిరెడ్డితో, మెల్లగా. "తొక్కుతాయని అన్నారా? అందుకేనా?"

"అంతే గదమ్మా."

"పడిపోయిన ఎద్దు నన్నేం తొక్కుతది మామా?"

ముసలాయనకు అప్పుడు అర్థమై తల దించుకున్నాడు. ఓబుళరెడ్డి లేచి, కేశడు ఒంటరిగా కట్టేసి ఉన్న కొట్టంలోకి వెళ్ళిపోయాడు. నారాయణమ్మ చెంబు మా ముందు పెట్టి లోపలికి వెళ్ళింది. ఆ మజ్జిగ మేము తాగలేకపోయాం.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో జరిగినదంతా చెప్పాను. మా అధికారి వెనక్కి తిరిగి ఆ గీత వైపు చూశారు. తర్వాత, "మూలం తెలిస్తే అర్థం తేటపడుతుందని అనుకునేవాణ్ణి" అన్నారు.

"తేటపడిందండీ" అన్నాను.

కడవ

మరుసటేడు తిరునాళ్ళకు ఓబుళరెడ్డి జత కట్టలేదు. మల్లడు పోయిన ఏడు గెలిచిన వేరే జత బరి తెరవాలి. ఇంకా కాడి కట్టకముందు నారాయణమ్మ చంకలో నిండు కడవతో వచ్చింది. అందరూ చూస్తుండగా గీత దాటింది. కడవను గీతకు లోపలి పక్క దించి, తిరిగి వెళ్ళిపోయింది. ఓబుళరెడ్డి అక్కడే ఉన్నాడు, ఆపలేదు. ఆ తర్వాత ఆయన చాలా ఏళ్ళు బతికాడు. ఆ సంగతి ఆవిడకు ఊరట అయిందో, ఇంకా బాధ అయిందో నేను అడగలేదు.

తర్వాత నాకు బదిలీ అయింది. ఉద్యోగం చివరికంటా చేసి, ఇంటికి చేరి, మొన్నామధ్య ఒక పెళ్ళికి ఆ వైపు వెళ్ళాను. నారాయణమ్మ, ఓబుళరెడ్డి ఇద్దరూ పోయి చాలా కాలమైంది. తిరునాళ్ళ రోజులే కావడంతో బరి చూడటానికి వెళ్ళాను. గీత గీసి ఉంది. గీతకు లోపలి పక్కన పసుపు రాసి, బొట్టు పెట్టి, వేపరెమ్మ కట్టిన కడవ ఒకటి ఉంది.

"ఇదేంది నాయనా?" అని పక్కనున్న నడివయసు రైతును అడిగాను.

"బరి కడవ అంటారు తాతా. మా ఊరి ఆనవాయితీ."

"నీళ్ళు ఎద్దులకేనా?"

ఆయన చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అయ్యో, ముట్టగూడదు తాతా! ఆ నీళ్ళు ముడితే చేటంట. పందెం అయినాక కాలవలో కలుపుతారు."

నేను ఆ ఎండలో కడవ ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఏడుపు వచ్చింది, సిగ్గుపడకుండా ఏడ్చాను. తర్వాత ఆయన్ను కూర్చోబెట్టి మల్లడి కథంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "నిజమేనేమో తాతా" అన్నాడు. కడవను మాత్రం ముట్టలేదు.

అందుకే ఇది రాశాను. మీలో ఎవరికైనా ఆ తాలూకాలో ఉద్యోగం పడితే, ఎండాకాలం ఆ బరి దగ్గర నిలబడవలసి వస్తే, ఏ ఎద్దయినా రొప్పి కూలబడితే ఎవరినీ అడగకండి. గీత దాటండి. వేపరెమ్మ తీసేసి, ఆ కడవ ఎత్తి దాని తల మీద పోయండి. ఆ నీళ్ళు దానికోసమే తెచ్చింది నారాయణమ్మ.